పోగులన్నీ పట్టు కిందే ఉండాలి

(ఎలక్ట్రీషియన్ శిక్షణలో ఉన్నవారిని, పనిలో ఉన్న వైర్‌మెన్‌ను కలిపి కూర్చోబెట్టి చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయిన వారి కోసం రికార్డింగ్ విని రాశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీలకు వినిపిస్తోందా? సరే, కొంచెం గట్టిగానే మాట్లాడతాను.

ముందు ఇది చూడండి. చూసి పక్కవాళ్లకు ఇవ్వండి, అలా వెనకదాకా వెళ్లాలి. ఇది ఒక టెర్మినల్ బ్లాకు. ఆరు జతల స్క్రూలు ఉన్నాయి. ఐదు జతలు కొత్తవాటిలాగే ఉన్నాయి. ఒక్క జత దగ్గర మాత్రం ప్లాస్టిక్ నల్లబడి, బుడగలు లేచి, కిందికి జారింది. అక్కడి వైరు ఇన్సులేషన్ అంగుళం మేర గట్టిపడిపోయింది, గోటితో నొక్కితే పెంకులా ఊడుతోంది. అదే వైరు ఒక జానెడు అవతల చూడండి. మెత్తగా, రంగు పోకుండా ఉంది. మరి ఈ ఒక్క చోటే ఎందుకు కాలింది?

వైరు సైజు చాలలేదా? చాలకపోతే పొడవునా వేడెక్కాలి కదా. లోడు ఎక్కువైందా? అప్పుడూ అంతే, పొడవునా వేడెక్కాలి. షార్ట్ అయిందా? అయితే ఎంసీబీ, అంటే కరెంటు మితిమీరితే దానంతటది ఆపేసే స్విచ్చు, పడిపోయేది. ఎంసీబీ పడలేదు. చివరిదాకా పడలేదు. కాలిన వాసన వస్తే మనిషి వెళ్లి చేత్తో ఆపాడు.

ఆ, ఎవరో అన్నారు. లూజ్ కాంటాక్ట్. కరెక్టే. కానీ నేను ఈ బ్లాకు విప్పినప్పుడు స్క్రూ లూజుగా లేదు తమ్ముడూ. తలకాయ బిగుతుగానే ఉంది. దాని కిందున్న పోగులు, అంటే వైరులోని సన్న తీగలు, లూజుగా ఉన్నాయి. స్క్రూ బిగుతుగా ఉండటం వేరు, పోగులు బిగుతుగా ఉండటం వేరు. ఈ రెండింటి మధ్య తేడా గురించే ఈ రోజు మన మాట.

చిన్న లెక్క చేద్దాం. పలక మీద రాస్తున్నాను. ఒక పాయింటులో 16 ఆంపియర్లు నడుస్తున్నాయి. మంచి జాయింటుకు ఉండే నిరోధం ఓమ్‌లో వెయ్యో వంతు కూడా ఉండదు. అది చెడిపోయి పదో వంతు ఓమ్ అయిందనుకోండి, 0.1 ఓమ్. ఆంపియర్లను ఆంపియర్లతో గుణించి, ఓమ్‌తో గుణించాలి. 16 పదహార్లు 256, దాన్ని 0.1తో గుణిస్తే 25.6 వాట్లు. ఇరవై ఐదు వాట్లంటే ఏమిటి? మీ చేతిలో ఉండే చిన్న సోల్డరింగ్ ఐరన్ ఎన్ని వాట్లు? ఇరవై ఐదే. అంటే ఒక సోల్డరింగ్ ఐరన్‌ని ఆన్ చేసి ఆ ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మూత బిగించి వచ్చినట్టు. పీవీసీ ఇన్సులేషన్ మామూలుగా తట్టుకోవలసింది 70 డిగ్రీలు. ఎంతకాలం తట్టుకుంటుంది?

అదే సమయంలో ఆ జాయింటు దగ్గర పోయే వోల్టేజీ ఎంత? 16 ఇంటు 0.1, 1.6 వోల్టులు. ఒకటిన్నర వోల్టు పోతే ఇంట్లో ఎవరికైనా తెలుస్తుందా? లైటు కొంచెమైనా మందగిస్తుందా? తెలియదు. ఎంసీబీకి తెలుస్తుందా? ఎంసీబీ చూసేది కరెంటు పెరిగిందా అని. ఇక్కడ కరెంటు పెరగలేదు, నిజానికి వెంట్రుకవాసి తగ్గింది. ఆర్‌సీసీబీకి తెలుస్తుందా? అది చూసేది ఫేజులో వెళ్లినదంతా న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా అని. వచ్చింది, అంతా వచ్చింది. కాబట్టి అదీ ఊరుకుంటుంది. డీబీలో, అంటే ఎంసీబీలు ఉండే పెట్టెలో, ఎన్ని వేల రూపాయల సామాను పెట్టినా, ఈ తప్పును కనిపెట్టేది మామూలుగా అందులో ఏదీ ఉండదు. ఆ జాయింటు చేసిన మనిషి ఒక్కడే దానికి కాపలా. అందుకే ఈ మాట ఇంత గట్టిగా చెబుతున్నాను.

సరే, అసలు మల్టీ స్ట్రాండ్, అంటే పోగుల వైరు, ఎందుకు? సింగిల్ తీగ ఉంటే ఈ గొడవే లేదు కదా? ఉండదు, కొంతవరకు. కానీ సింగిల్ తీగను పదిసార్లు అటూ ఇటూ వంచితే విరుగుతుంది. కదిలే చోట, అదిరే చోట, పైపుల్లో మలుపులు తిరిగే చోట పోగుల వైరే కావాలి. అంతర్జాతీయంగా ఐఈసీ 60228 అనే ప్రమాణం కండక్టర్లను తరగతులుగా విడదీసింది. క్లాస్ 1 అంటే ఒకే తీగ. క్లాస్ 2 అంటే కొన్ని లావు పోగులు పేనినది. క్లాస్ 5 అంటే సన్న పోగులు, వంగే వైరు. క్లాస్ 6 అంటే ఇంకా సన్నవి, వెల్డింగ్ కేబుల్ లాంటివి. మూడు, నాలుగు ఏమయ్యాయని అడక్కండి, అవి పాత ప్రమాణంతోనే పోయాయి.

మనం వాడే కాయిల్ మీద 22/0.3 అని ఉంటుంది. అంటే ఏమిటి? 0.3 ఎంఎం మందం ఉన్న పోగులు 22. ఒక్కో పోగు వైశాల్యం 0.07 స్క్వేర్ ఎంఎం. 22 పోగులు కలిస్తే ఒకటిన్నర స్క్వేర్ ఎంఎం. అలాగే 36/0.3 అంటే రెండున్నర. ఇప్పుడు చెప్పండి. ఇన్సులేషన్ తీసేటప్పుడు కటింగ్ ప్లయర్‌తో లాగి ఐదు పోగులు తెంపేశారు. మిగిలినవి 17. ఒకటిన్నర వైరు ఒకటీ పాయింట్ రెండు అయింది. పైగా మిగిలినవాటిలో కొన్నింటికి గాటు పడి ఉంటుంది, అది ఇప్పుడు కనిపించదు, వంచినప్పుడు తెగుతుంది. డిజైను చేసినవాడు ఒకటిన్నర అని రాశాడు, ఎంసీబీ ఒకటిన్నరకి సరిపడా పెట్టారు. చివర మనం మాత్రం 1.2 బిగించి వచ్చాం. స్ట్రిప్పర్ కొనండి. సైజుకు తగ్గ గాడిలో పెట్టి తీయండి. పళ్లతో తీసేవాళ్లు ఇంకా ఉన్నారు, దయచేసి మానండి.

ఇంకో అలవాటు ఉంది, ఇది నాకు చాలా బాధ కలిగించేది. టెర్మినల్ రంధ్రం చిన్నది, వైరు పట్టట్లేదు. ఏం చేస్తారు? నాలుగు పోగులు కత్తిరించి దూరుస్తారు. ఒక మోటారు ప్యానెల్లో నేను కళ్లారా చూశాను. పదహారు స్క్వేర్ ఎంఎం వైరును దాదాపు పదికి చెక్కేశారు. చెక్కినవాడు బాగా పని తెలిసినవాడే. అడిగితే, "అన్నా, టైము లేదు, ఆ సైజు లగ్గు దొరకలేదు" అన్నాడు. లగ్గు అంటే వైరు చివరకు తొడిగే లోహపు ముక్క. రంధ్రంలో వైరు పట్టడం లేదంటే దాని అర్థం ఒక్కటే, ఆ టెర్మినల్ ఆ వైరు కోసం చేసింది కాదు. వైరును కోసినంత మాత్రాన టెర్మినల్ మారదు.

ఇప్పుడు స్క్రూ కింద ఏం జరుగుతుందో చూద్దాం. ఇక్కడ కొంచెం సేపు ఆగుదాం, ఎందుకంటే కోడ్‌లో, అంటే వైరింగ్ నిబంధనల పుస్తకంలో, దీని గురించి ఉన్న ప్రతి మాటా ఇక్కడి నుంచే పుట్టింది.

రెండు లోహాలు తాకాయి అంటాం. కంటికి నునుపుగా కనిపించేవి, భూతద్దంలో చూస్తే గుట్టలు, లోయలు. గుట్ట గుట్టకు తగిలిన చోటే కరెంటు దాటుతుంది. ఒత్తిడి పెరిగితే గుట్టలు అణిగి ఎక్కువ చోట్ల తగులుతాయి. అంటే మంచి జాయింటు అంటే ఒత్తిడి. ఎప్పుడూ తగ్గని ఒత్తిడి. ఒకే తీగ మీద స్క్రూ దిగితే ఒత్తిడి తిన్నగా తీగ మీదే పడుతుంది. పోగుల మీద దిగితే? స్క్రూ మొన గుండ్రంగా తిరుగుతూ దిగుతుంది. పోగుల్ని పక్కలకు తోసేస్తుంది. కొన్ని మొన కింద నలిగిపోతాయి, కొన్ని తెగుతాయి, కొన్ని పక్కకు జారి ఏ ఒత్తిడీ లేకుండా ఊరికే ఉంటాయి. చీపురు కట్ట మధ్యలో మేకు దిగ్గొడితే పుల్లలు ఎలా విచ్చుకుంటాయో అలా. చీపురుకు కట్టు కావాలి గాని మేకు కాదు కదా.

ఇంకా, పోగుల మధ్య ఖాళీలు ఉంటాయి. ఈ రోజు బిగించాం, గట్టిగా ఉంది. లోడు వేశాం, వేడెక్కి వ్యాకోచించింది. ఆపాం, చల్లారి కుంచించుకుంది. అలా రోజూ జరిగితే పోగులు ఒకదాని పక్కన ఒకటి సర్దుకుంటాయి. సర్దుకుంటే ఒత్తిడి తగ్గుతుంది. ఒత్తిడి తగ్గితే నిరోధం పెరుగుతుంది, వేడి పెరుగుతుంది. వేడికి రాగి మీద ఆక్సైడు పొర పడుతుంది, అది నిరోధాన్ని ఇంకా పెంచుతుంది. వేడికి రాగి మెత్తబడుతుంది, ఒత్తిడి ఇంకా తగ్గుతుంది. ఒకసారి మొదలైతే దానంతటది ఆగదు. మీ చేతుల్లో తిరుగుతున్న బ్లాకులో జరిగింది అదే. ఎక్కడుంది బ్లాకు, వెనకదాకా వెళ్లిందా? మంచిది, చూడండి.

పైగా బయటికి చొచ్చుకొచ్చిన ఒక్క పోగు. ఒక్క వెంట్రుకంత పోగు. పక్కనే న్యూట్రల్ ఉంటే షార్ట్. పక్కనే లోహపు డబ్బా ఉంటే ముట్టుకున్నవాళ్లకి షాక్. హోల్డర్లలోనూ, ప్లగ్ టాపుల్లోనూ ఎన్నిసార్లు చూశామో మీకు నేను చెప్పక్కర్లేదు.

మరి కోడ్ ఏమంటుంది? మనలో చాలామందికి కోడ్ అంటే టెన్షన్. పెద్ద పుస్తకం, ఎవరో ఇన్‌స్పెక్టరు వచ్చి పట్టుకోవడానికి రాసింది అనుకుంటాం. ఈ ఒక్క విషయంలో చదివి చూడండి, ఎంత సూటిగా ఉందో. బ్రిటన్‌లో వాడే వైరింగ్ నిబంధనలు బీఎస్ 7671. అందులో 526.9 అనే భాగం ఉంది. పోగుల వైరు చివర్లు విడిపోకుండా, విచ్చుకుపోకుండా, తగిన టెర్మినల్ వాడాలి, లేదా ఆ చివరకు తగిన ఏర్పాటు చేయాలి అంటుంది. రెండే దారులు చూశారా? అయితే టెర్మినలే పోగుల కోసం చేసినదై ఉండాలి. కాకపోతే చివరను మనం సిద్ధం చేయాలి.

అమెరికాలో ఎన్‌ఈసీ అంటారు. అందులో 110.14. కండక్టర్‌ను దెబ్బతీయకుండా గట్టి కనెక్షన్ ఉండాలి అంటుంది. ఆ తర్వాత ఒక ముఖ్యమైన మాట. వాళ్లు పోగుల్ని ఏ, బీ, సీ లాంటి అక్షరాలతో విడదీస్తారు. 12 గేజి వైరు తీసుకుంటే క్లాస్ బీలో 7 పోగులు, క్లాస్ సీలో 19 పోగులు. ఇంతకంటే సన్న పోగులు ఉంటే, ఆ టెర్మినల్ మీద ఆ తరగతికి పనికొస్తుందని గుర్తింపు ఉండి తీరాలి అంటుంది. అదే 12 గేజిలో క్లాస్ కే వైరు ఉంది, దానికి 65 పోగులు. 7 పోగుల కోసం చేసిన టెర్మినల్లో 65 పోగులు పెడితే ఏం జరుగుతుందో ఇందాక చెప్పుకున్నాం కదా. సోలార్, బ్యాటరీ, యూపీఎస్ పనుల్లో ఇలాంటి సన్న పోగుల కేబుళ్లు బాగా వస్తున్నాయి. వంచడానికి ఎంత సుఖంగా ఉంటాయో, బిగించడానికి అంత జాగ్రత్త కావాలి.

ఇంకొకటి, అదే కోడ్‌లో 110.3. సామాను తయారుచేసినవాడు ఇచ్చిన సూచనల ప్రకారమే అమర్చాలి. దీని అర్థం ఏమిటంటే, స్విచ్ డబ్బాలో వచ్చే ఆ చిన్న కాగితం ఉంది చూశారా, మనం మొదట పారేసేది, అది కూడా కోడ్‌లో భాగమే. ఏ సైజు నుంచి ఏ సైజు దాకా, సింగిలా మల్టీనా, ఫెరూల్ (పోగుల చివరకు తొడిగే చిన్న గొట్టం) పెట్టాలా వద్దా, ఎంత పొడవు ఇన్సులేషన్ తీయాలి, ఎంత టార్క్‌తో, అంటే ఎంత తిప్పుడు బలంతో, బిగించాలి, అన్నీ అందులోనే ఉంటాయి. "కోడ్ ప్రకారం పోగుల వైరు పెట్టొచ్చా?" అని నన్ను ఫోన్లో అడుగుతుంటారు. నేను తిరిగి అడిగేది ఒక్కటే, ఏ టెర్మినల్లో? దాని మీద ఏం రాసుంది?

ఇప్పుడు సోల్డరింగ్ దగ్గరికి వద్దాం. ఇది కొంచెం ఓపికగా వినండి. ఎందుకంటే ఇక్కడ ఉన్నవాళ్లలో సగం మందికి గురువులు నేర్పింది ఇదే. నాకూ అదే నేర్పారు. పోగులు చక్కగా మెలితిప్పు, దాని మీద లెడ్, అంటే కరిగించిన సోల్డర్, పొయ్యి, గట్టిగా ఒకే తీగలా అవుతుంది, అప్పుడు స్క్రూ కింద బిగించు. చూడటానికి ఎంత అందంగా ఉంటుంది! మెరుస్తూ, నున్నగా, ఒక్క పోగు బయటికి రాదు. నేను నేర్చుకునే రోజుల్లో ఒక గీజర్ పాయింటుకు అలాగే శ్రద్ధగా చేశాను. కొన్ని నెలల తర్వాత పిలుపు వచ్చింది. విప్పి చూస్తే లెడ్ అణిగిపోయి, స్క్రూ కింద ఖాళీ ఏర్పడి, ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగింది. నేను అశ్రద్ధ చేసి ఉంటే అర్థం చేసుకునేవాణ్ణి. ఎంతో శ్రద్ధగా చేసిన పని అది. ఎందుకిలా అయిందో తెలియడానికి నాకు చాలాకాలం పట్టింది.

కారణం ఇది. రాగి కరిగేది 1085 డిగ్రీల దగ్గర. మనం వాడే తగరం-సీసం సోల్డర్ 183 డిగ్రీలకే కరుగుతుంది. అంత తక్కువలో కరిగే లోహం మామూలు గది వేడిలోనే, ఒత్తిడి కింద పెడితే, మెల్లగా జారుతుంది. మైనం ముద్ద మీద బరువు పెట్టి మర్నాడు చూస్తే ఎలా నొక్కుకుపోతుందో అలా. మనం బిగించిన రోజు స్క్రూ గట్టిగానే ఉంటుంది. వారానికి, నెలకు లెడ్ దాని కింద నుంచి పక్కకు పారుతుంది. స్క్రూ ఉన్నచోటే ఉంటుంది, కింద ఒత్తిడి పోతుంది. ఒత్తిడి పోతే ఏమవుతుందో ఇందాక చెప్పుకున్నాం. ఇక వేడి 183 దాటితే? అసలు మిగలదు.

రెండో చెడు ఇంకోటి ఉంది. లెడ్ పోగుల మధ్యలోంచి పైకి పాకుతుంది. అది ఎక్కడ ఆగుతుందో అక్కడ ఒక అంచు. అంచుకు ఇటు రాయిలా గట్టి, అటు మెత్తటి పోగులు. వైరు కదిలిన ప్రతిసారీ ఆ అంచు దగ్గరే వంగుతుంది. అక్కడే ఒక్కో పోగూ తెగుతుంది. అదిరే మిషన్ల మీద ఇది త్వరగా జరుగుతుంది.

అందుకే బీఎస్ 7671 దీన్ని పేరు పెట్టి మరీ వద్దంటుంది. స్క్రూ టెర్మినళ్లు వాడేచోట పోగుల వైరు చివర మొత్తానికి సోల్డర్ పోయకూడదు. సోల్డర్ పోసిన భాగానికీ పోయని భాగానికీ మధ్య కదలిక ఉండే చోట కూడా సన్న పోగుల వైర్లకు అది పనికిరాదు. భవనాల వైరింగ్‌కు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60364 దారి కూడా ఇదే.

ఒకాయన చెయ్యెత్తారు. చెప్పండి. ఆ, "కొన్ని వైర్లు తెల్లగానే వస్తాయి కదా, అవీ వద్దా?" అంటున్నారు. మంచి ప్రశ్న. అవి వేరు. అక్కడ ప్రతి పోగు మీదా విడివిడిగా పలచటి తగరం పూత ఉంటుంది, తుప్పు పట్టకుండా. పోగులు పోగులుగానే ఉంటాయి, వంచితే విడివడతాయి. లెడ్ పోసి ముద్ద చేసింది కాదు అది. వాటిని మామూలు పోగుల వైరులాగే చూడండి. కానీ లైట్ ఫిట్టింగుల్లో ఫ్యాక్టరీ నుంచే చివర సోల్డర్ ముద్దతో కొన్ని వస్తాయి. స్క్రూ కింద పెట్టాల్సి వస్తే ఆ ముక్క కత్తిరించి ఫెరూల్ వేసుకోవడం మేలు.

సోల్డర్ అసలే చెడ్డదా అంటే కాదు. సర్క్యూట్ బోర్డు మీద దాని పని దానిది. అక్కడ ఒత్తిడితో పట్టుకోమని దాన్ని ఎవరూ అడగరు. వైరుకు వైరు జాయింటులో కూడా, ఎన్‌ఈసీ ఏమంటుందంటే, ముందు సోల్డర్ లేకుండానే జాయింటు గట్టిగా నిలబడాలి, ఆ తర్వాతే సోల్డర్. ఎర్త్ కనెక్షన్ అయితే సోల్డర్ ఒక్కదాని మీదే ఆధారపడే పరికరం వాడనే కూడదు.

మరి సరైన దారి? ఫెరూల్. మనవాళ్లు కొందరు పిన్ లగ్గు అంటారు, కొందరు బూట్ లేసు అంటారు. ఇదిగో, ఇంతే. సన్నటి రాగి గొట్టం, పైన తగరం పూత, వెనక రంగు ప్లాస్టిక్ మూతి. పోగులన్నీ ఆ మూతిలోంచి జారి గొట్టంలోకి వెళతాయి. టూల్‌తో నొక్కితే గొట్టం, పోగులు కలిసి ఒకే దిమ్మలా అవుతాయి. ఖాళీలు ఉండవు. అది రాగి, లెడ్ లాగా పారదు. స్క్రూ దాని మీద దిగితే ఏ పోగూ పక్కకు పోదు. చీపురుకు కట్టు వేశాం.

సైజు చూసి వాడాలి. ప్యాకెట్ మీద చాలా వరకు 2508 లాంటి నంబరు ఉంటుంది, అంటే రెండున్నర వైరుకు, గొట్టం పొడవు 8 ఎంఎం. రంగుల్ని మాత్రం గుడ్డిగా నమ్మకండి. జర్మన్ డిన్ 46228 ప్రకారం ఒకటిన్నర నలుపు, రెండున్నర నీలం, నాలుగు బూడిద. ఇంకో రంగుల వరుసలో రెండున్నరే బూడిద. రెండు ప్యాకెట్లు కలిసిపోయాయా, బూడిద రంగు చూసి నాలుగుది రెండున్నరకు తొడుగుతారు. నొక్కినా లోపల వదులుగానే ఉంటుంది. నంబరు చదవండి.

కటింగ్ ప్లయర్‌తో నొక్కడం వద్దు. ప్లయర్ ఒక పక్క చదును చేస్తుంది, ఇంకో పక్క వదిలేస్తుంది. రాచెట్ ఉన్న క్రింపింగ్ టూల్ తీసుకోండి. పూర్తిగా నొక్కేదాకా అది వదలదు. దాని గొప్పతనమంతా అదే. మనకు ఓపిక అయిపోయినా దానికి అయిపోదు. నొక్కాక పోగుల కొనలు గొట్టం చివర సమంగానో, ఒక్క పిసరు బయటికో కనిపించాలి. లోపలెక్కడో ఆగిపోతే గొట్టం చివర ఖాళీది, స్క్రూ దిగేది ఆ ఖాళీ మీదే అవుతుంది.

అయితే ఒక మాట. ఫెరూల్ అన్ని చోట్లా తప్పనిసరి అని కోడ్ అనదు. స్క్రూ మొన నేరుగా వైరు మీద దిగే టెర్మినల్‌కు ఫెరూల్ దాదాపు తప్పదు. స్క్రూకి, వైరుకి మధ్య చదును రేకు ఉండి, పంజరంలా పైకి లేచి పట్టే టెర్మినళ్లు ఉన్నాయి, చాలా ఎంసీబీల్లో ఉండేవి. అవి క్లాస్ 2 పోగులను, కొన్ని క్లాస్ 5ను కూడా ఉన్నది ఉన్నట్టే పట్టుకుంటాయి. కాగితం ఏమంటే అది. స్ప్రింగు టెర్మినళ్లలో కొన్ని ఫెరూల్ లేని పోగులనే కోరతాయి. సింగిల్ తీగకు ఫెరూల్ తొడగడం అర్థం లేని పని. అమెరికా మార్కెట్టు సామానులో ఆ టెర్మినల్ ఫెరూల్‌తో పరీక్షించి ఆమోదించిందో లేదో కూడా చూడాలి.

గుండు స్క్రూ కింద చుట్టి బిగించే టెర్మినల్ అయితే రింగ్ లగ్గు వేయండి. స్క్రూ వదులైనా ఊడి రాదు. ఫోర్క్ లగ్గు రెండో ఎంపిక. అక్కడ ఎరుపు, నీలం, పసుపు రంగులుంటాయి. ఎరుపు ఒకటిన్నర దాకా, నీలం రెండున్నర దాకా, పసుపు నాలుగు నుంచి ఆరు. చూశారా, ఇక్కడ నీలం అర్థం వేరు, ఫెరూల్ నీలం అర్థం వేరు.

వెనక రంధ్రంలో ఊరికే గుచ్చేసే స్విచ్చులు, సాకెట్లు ఉంటాయి. అమెరికా సామానులో ఆ రంధ్రాలు 14 గేజి సింగిల్ తీగకు మాత్రమే. పోగుల వైరును అందులో గుచ్చితే మడత పడిపోతుంది, పట్టు ఉండదు. మీట ఎత్తి పెట్టే కనెక్టర్లు ఉన్నాయి, అవి చాలావరకు సన్న పోగుల్ని కూడా పట్టుకునేలా చేసినవే. రెండూ స్ప్రింగే కదా అని ఒకటిగా అనుకోకండి.

ఒకే స్క్రూ కింద రెండు వైర్లు. ఇది రోజూ చేసే తప్పు. అందులోనూ ఒకటి సింగిల్, ఒకటి పోగులు. గట్టి తీగ ఒత్తిడంతా తీసేసుకుంటుంది, మెత్తటి పోగులు దాని పక్కన ఊగుతుంటాయి. రెండు పెట్టొచ్చని టెర్మినల్ మీద రాసి ఉంటేనే పెట్టాలి, ఎన్‌ఈసీ 110.14లోనే ఈ మాట ఉంది. లేదంటే రెండు వైర్లకు కలిపి ఒకే గొట్టం ఉన్న జంట ఫెరూల్ దొరుకుతుంది. టెర్మినల్ తయారీదారు దాన్ని ఒప్పుకుంటే అది వాడండి.

టార్క్ గురించి. చేతి అంచనా మీద నాకు గౌరవం ఉంది, ముప్పై ఏళ్లు ఆ చేత్తోనే బతికాను. కానీ టార్క్ డ్రైవర్ కొన్నాక నా చేతిని పరీక్షించుకున్నాను. చిన్న స్క్రూలకు ఎక్కువ బిగిస్తున్నాను, పెద్దవాటికి తక్కువ. పొద్దున ఒకలా, సాయంత్రం అలసిపోయాక ఒకలా. తక్కువైతే ఏమవుతుందో తెలుసు. ఎక్కువైతే? పోగులు తెగుతాయి, మర పోతుంది, పంజరం రేకు విచ్చుకుంటుంది. 2017 ఎన్‌ఈసీలో, సామాను మీదో కాగితంలోనో అంకె ఇచ్చి ఉంటే సరిచూసిన టార్క్ టూల్ వాడాలి అన్నారు. ఎంసీబీ పక్కన చిన్న అక్షరాల్లో రెండు ఎన్ఎం, రెండున్నర ఎన్ఎం (న్యూటన్ మీటర్లు) అని ఉంటుంది. అదే ఆ అంకె.

బిగించాక లాగి చూడండి. గట్టిగా, కానీ జెర్క్ ఇవ్వకుండా. ఫ్యాక్టరీలో టెర్మినళ్లను పరీక్షించేటప్పుడు రెండున్నర వైరును 50 న్యూటన్ల బలంతో లాగుతారు, అంటే దాదాపు ఐదు కిలోల బరువు వేలాడదీసినట్టు. మంచి జాయింటుకు మన చేతి లాగుడును తట్టుకోవడం కష్టం కాదు. వచ్చేస్తే, ఇప్పుడే రావడం మంచిదైంది.

అల్యూమినియం గురించి రెండు ముక్కలే, అది ఇంకో రోజు పూర్తిగా చెప్పుకుందాం. దాని మీద ఆక్సైడు పొర వెంటనే పడుతుంది, అది కరెంటును ఆపుతుంది. వేడికి రాగి కంటే ఎక్కువ సాగుతుంది. అల్యూమినియానికి పనికొస్తుందని రాసి ఉన్న టెర్మినల్లోనే పెట్టాలి, రాగిని దానితో నేరుగా కలపకూడదు. రెండు లోహాల లగ్గులు దొరుకుతాయి.

చివరగా ఎర్త్. దీని దగ్గర నాకు భయం ఎక్కువ. ఫేజు వదులైతే వేడెక్కుతుంది, వాసన వస్తుంది, ఏదో ఒక గుర్తు ఉంటుంది. ఎర్త్ వదులైతే? ఏమీ కాదు. మామూలు రోజుల్లో దానిలో కరెంటే నడవదు. లైటు వెలుగుతుంది, మిషన్ తిరుగుతుంది. ఏళ్ల తరబడి ఎవరికీ తెలియదు. మిషన్ లోపల ఇన్సులేషన్ పోయిన రోజున ఆ పోగులు పట్టు కింద ఉన్నాయా లేదా అన్నది అప్పుడు తెలుస్తుంది, మిషన్ ముట్టుకున్న మనిషికి తెలుస్తుంది. అందుకని ప్లగ్ టాపులో ఎర్త్ వైరును మిగతా రెండింటికంటే కొంచెం పొడవు ఉంచండి. త్రాడు లాగినా ముందు ఫేజు ఊడాలి, అన్నిటికంటే ఆఖర్న ఎర్త్ ఊడాలి. త్రాడు బిగింపు పట్టీ వేయకుండా మూత పెట్టకండి.

ఇక నా మాట ఆపి మీ చేతులు చూస్తాను. అక్కడ బల్ల మీద రెండున్నర వైరు ముక్కలు, ఫెరూల్స్, రెండు క్రింపింగ్ టూల్స్, ఒక టార్క్ డ్రైవర్ ఉన్నాయి. ఫెరూల్స్ డబ్బాలో నాలుగువి, రెండున్నరవి కావాలనే కలిపి పెట్టాను. ఒక్కొక్కరు మూడు చివరలు చేయాలి. ఒకటి ఏమీ తొడగకుండా, ఒకటి ఫెరూల్‌తో, ఒకటి సోల్డర్‌తో. మూడూ ఒకే టార్క్‌తో బిగించి, మీ పేరు రాసిన చీటీ అంటించి ఇక్కడే వదిలేయండి. వచ్చే వారం మనం మళ్లీ కలిసినప్పుడు ముందు అవే స్క్రూలను అదే టార్క్ డ్రైవర్‌తో పట్టి చూద్దాం, ఏది ఇంకా తిరుగుతుందో. మొదటి బెంచీ వాళ్లు రండి. కళ్లద్దాలు పెట్టుకోండి.